జిమ్‌కి కట్టే ముందు వంటావిడకి కట్టండి

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. నాకు 39 ఏళ్లు. మా ఇద్దరివీ ఉద్యోగాలే, ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు మా దగ్గరే ఉంటారు. చేతికి నాకు 78 వేలు, మా వారికి 92 వేలు వస్తాయి. అద్దె, సైటు లోను, కారు ఈఎమ్ఐ, స్కూలు ఫీజులు అన్నీ పోను నెలాఖరుకి నాలుగు వేలు మిగిలితే గొప్ప. ఆఫీసు చెకప్‌లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.1 వచ్చింది, బరువు తగ్గమన్నారు. ఇంటి దగ్గర జిమ్ ఏడాదికి 32 వేలు, నెలాఖరులోపు చేరితేనే ఆ రేటట, 12 నెలల నో కాస్ట్ ఈఎమ్ఐ ఉందట. మా వారేమో 48 వేలు పెట్టి ట్రెడ్‌మిల్ కొనేద్దాం అంటున్నారు. 2023లో ఒకసారి జిమ్‌కి 24 వేలు కట్టి 14 సార్లే వెళ్లాను, అదీ నా భయం. పిల్లల కోసం నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేస్తున్న 5 వేల సిప్ ఆపి కట్టొచ్చా? నా కోసం ఇంత ఖర్చు అవసరమా అని కూడా అనిపిస్తోంది.

జవాబు: సిప్ ఆపకండి. జిమ్‌కి ఇప్పుడే కట్టకండి. ట్రెడ్‌మిల్ సంగతి చివర్లో చెబుతాను. మీ ఉత్తరం చాలా పెద్దది, పైన కుదించి వేశాను గానీ అసలు విషయమంతా నేను కుదించిన భాగంలోనే ఉంది.

ముందు ఆ 14 రోజుల సంగతి. 24 వేలకి 14 సార్లంటే వెళ్లిన ప్రతిసారీ 1,714 రూపాయలు పడిందన్నమాట. దానికి మీరు పెట్టుకున్న పేరు బద్ధకం. మీ పొద్దుటి పూట గురించి మీరే రాసింది మళ్లీ ఒకసారి చదువుకోండి: ఐదున్నరకి లేవడం, ఒక పొయ్యి మీద కుక్కరు, ఇంకో దాని మీద ఇడ్లీ పాత్ర, పిల్లలిద్దరికీ లంచ్ బాక్సులు కాక పదింటి బ్రేక్‌కి వేరే స్నాక్ బాక్సులు, ఆయన క్యారేజీ, అత్తయ్యగారికి టిఫిన్‌కి ముందు వేసుకోవాల్సిన మాత్ర, ఏడూ ఇరవైకి కింద వ్యాను హారన్ కొడుతుంటే చిన్నవాడికి ఒక సాక్సే దొరకడం. ఎనిమిదిన్నరకి బయల్దేరి బెళ్లందూరు ఆఫీసు, సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు కరుణిస్తే ఏడుంబావుకి ఇల్లు. ఆ తర్వాత హోంవర్కు, అందులో మళ్లీ కన్నడ హోంవర్కు. లిపి మనదానికి దగ్గర కాబట్టి కూడబలుక్కుని చదివేస్తాం, అర్థానికి మాత్రం పక్కింటి తలుపు కొట్టాల్సిందే. (మా ఇంట్లోనూ ఒకప్పుడు ఇదే కథ, ఆ పక్కింటావిడకి మేం ఇప్పటికీ ఉగాదికి బొబ్బట్లు పంపిస్తాం.) ఇందులో జిమ్‌కి గంట ఎక్కడుందో నాకైతే దొరకలేదు. జిమ్ వాళ్లు యంత్రాలు అద్దెకిస్తారు గానీ, ఆరింటికి మీ బదులు పొయ్యి దగ్గర నిలబడే మనిషిని ఇవ్వరుగా. మళ్లీ కట్టినా మళ్లీ 14 రోజులే.

మీరు పంపిన మూడు నెలల కార్డు స్టేట్‌మెంట్లు పెన్ను పట్టుకుని చూశాను. బయటి నుంచి తెప్పించుకున్న భోజనాలు 47, సగటున ఒక్కోటి 610 రూపాయలు, అంటే నెలకి 9,500 పైమాటే. అందులో 34 సోమవారం నుంచి శుక్రవారం లోపువే, అన్నీ రాత్రి ఎనిమిదిన్నర దాటాక పెట్టినవే. బుధవారం రాత్రి 8:50కి ఫ్రైడ్ రైస్, గోబీ మంచూరియా ఎవరూ సరదాకి తెప్పించుకోరు, వండే ఓపిక లేక తెప్పించుకుంటారు. ఆదివారం బిర్యానీ జోలికి నేను రాను, అది మీ హక్కు. ఈ 34 మాత్రం మీ పర్సుకీ ఆ 6.1కీ కలిపి తగులుతున్న దెబ్బ.

ఉత్తరం చివర్లో ఇంకో మాట రాసి వదిలేశారు: మీ అపార్ట్‌మెంట్‌లో పనిచేసే వంటావిడ పొద్దున గంటన్నరకి నెలకి 6,000 అడిగిందని, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లం ఉండి వంటమనిషేమిటని అత్తయ్యగారు అన్నారని. ఆవిణ్ని పెట్టుకోండి. నా సలహాలో ముప్పాతిక వంతు ఇదే. ఆవిడ పొద్దున బాక్సుల పని చూసి, రాత్రికి ఒక కూర చేసి, చపాతీ పిండి కలిపి ఫ్రిజ్‌లో పెట్టి వెళితే మీ ఆర్డర్లు నెలకి ఓ ఎనిమిది తగ్గుతాయి. ఆ 34ని మూడు నెలలకి పంచితే నెలకి పదకొండు, అందులో ఎనిమిది, నేనేం అత్యాశకి పోవడం లేదు. ఎనిమిది ఆరు వందల పదులు 4,880. ఆవిడ జీతంలో అది పోతే మీ చేతి నుంచి అదనంగా పడేది 1,120. దానికి మీకొచ్చేది పొద్దున ఆరు నుంచి ఏడింటి వరకూ గంట. బెంగళూరులో ఇంత చవగ్గా ఇంకేదీ రాదు.

అత్తయ్యగారి సంగతి సున్నితంగా తేల్చాలి. పప్పు, చారు, పులుసు, పోపు ఆవిడ చేతిలోనే ఉంచండి, తరగడం, చపాతీలు, పిల్లల బాక్సులు వంటావిడకి ఇవ్వండి. ఒక నెల చూద్దామని చెప్పి మొదలుపెట్టండి. నెలకి రెండు సెలవులు, పండక్కి ఏం ఇస్తారు అన్నది మొదటి రోజే మాట్లాడుకుంటే తర్వాత గొడవ ఉండదు.

ఇప్పుడు ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. మీ ఖర్చుల పట్టికలో ఇతరాలు అనే వరసలో చిన్న అక్షరాలతో షటిల్ అని ఉంది. కోర్టు అద్దె, కాక్‌లు కలిపి నెలకి 2,800. మీ వారు మంగళ, గురు, శనివారాలు పొద్దున ఆరింటికి వెళ్లి వస్తారట. చాలా మంచిది, మానొద్దని చెప్పండి. కానీ అది ఇతరాల్లో పడి, మీ జిమ్ మాత్రం ‘నా కోసం ఖర్చు’ ఎలా అయింది? ఏడాదికి చూస్తే ఆయన ఆట 33,600, మీ జిమ్ ధర కంటే ఎక్కువ. నేను ఎవర్నీ తప్పు పట్టడం లేదు, ఆయనకి ఆ ఆలోచనే వచ్చి ఉండదు, చాలా ఇళ్లలో రాదు. సోమ, బుధ, శుక్రవారాలు ఆయన ఇంట్లో ఉంటారు కాబట్టి ఆ మూడు రోజులు సాక్సులు వెతకడం, వ్యాను ఎక్కించడం ఆయన డ్యూటీ, మీరు ఆరింటికల్లా చెప్పులు కాదు, బూట్లు వేసుకుని గేటు బయట ఉండాలి. కుందలహళ్లి చెరువు చుట్టూ నడవడానికి టికెట్టు లేదు.

మూడు రోజులు ముప్పావుగంట చొప్పున 135 నిమిషాలు. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడకో, దానికి సమానమైన శ్రమో, రెండు రోజులు కండరాలకి పనిచెప్పే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మిగతా పావుగంట ఆదివారం పిల్లలతో తీర్చేయండి. కుందలహళ్లి స్టేషన్‌లో పర్పుల్ లైన్ ఎక్కితే మారకుండా కబ్బన్ పార్కులో దిగొచ్చు, వాళ్ల వెనక పరిగెత్తితే 150 ఎప్పుడు దాటిందో మీకే తెలియదు. కండరాలకి ఇంట్లోనే గోడకి ఆనుకుని పుషప్స్, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, మొదట్లో చాలు. ఇంత మాత్రానికి షుగర్ ఆగుతుందా అంటే, చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మీలాంటి ప్రీడయాబెటిస్ (షుగర్‌కి ఒక మెట్టు కింద) వాళ్లు 531 మందితో చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగర్ వచ్చే ముప్పు దాదాపు 28 శాతం తగ్గింది. మందు వాడినవాళ్లలో తగ్గింది కూడా ఇంచుమించు అంతే. అందరూ మనవాళ్లే, మన తిండి తినేవాళ్లే. మీకేం సరిపోతుందో మీ డాక్టరు చెప్పాలి, నేను డబ్బు మనిషిని.

జిమ్ కొటేషన్ ఫొటో కూడా పంపారు కదా, అందులో 32,000 మీద 18 శాతం జీఎస్టీ వేశారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జిమ్‌లకి అది 5 శాతమే. 5,760 కాదు, 1,600. ఎందుకు ఎక్కువ వేశారో వాళ్లనే అడగండి, పాత ఫారమే వాడుతున్నారేమో. వాళ్ల లెక్క ప్రకారమే కడితే నెలకి 3,147 పడుతుంది, మీకు మిగిలే నాలుగు వేలలో అదే పోతుంది. నో కాస్ట్ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ తరచుగా మన నెత్తినే పడతాయి. ఇంకో ప్రమాదం ఉంది. నేనూ ఒకప్పుడు ఏడాదికి కట్టేశాను, నాలుగో నెలలో వెళ్తే షట్టరుకి తాళం, దాని మీద అంటించిన కాగితం, అంతే. ఈఎమ్ఐలు మాత్రం పన్నెండూ కట్టాను. నెలాఖరు ఆఫర్ గురించి కంగారు పడకండి, వచ్చే నెలాఖరుకీ ఉంటుంది.

ఇక మీరు అడగనిది, మీ రిపోర్టు చూశాక నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది. మీ కుటుంబానికి ఉన్నది మీ కంపెనీ ఇచ్చే 5 లక్షల హెల్త్ ఇన్సూరెన్స్ ఒక్కటే. ఉద్యోగం మారినా, పోయినా దాంతోపాటే అదీ పోతుంది. ఇప్పుడు మీరు 6.1 దగ్గర ఉన్నారు. 6.5కి చేరితే షుగరే అంటారు, ఆ తర్వాత కొత్త పాలసీకి వెళితే ప్రీమియం పెంచొచ్చు, కొన్ని కంపెనీలు వద్దనొచ్చు కూడా. జిమ్‌కి ఈ నెలాఖరు గడువు పెట్టుకున్నారు గానీ, అసలు గడువు పెట్టుకోవాల్సింది దీనికి. మీ నలుగురికీ 10 లక్షలకి ఏడాదికి 21,000 అని ఏజెంటు చెప్పాడన్నారు, ఇంకో రెండు కంపెనీలవి కూడా తెప్పించి చూసి తీసుకోండి. వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా 2025 సెప్టెంబర్ 22 నుంచి లేదు.

ప్రపోజల్ ఫారంలో 6.1 అని రాయండి, రిపోర్టు జత చేయండి. "ఇంకా షుగర్ రాలేదుగా మేడం, రాయక్కర్లేదు" అని ఏజెంటు అంటాడు. రేపు క్లెయిమ్ దగ్గర ఆస్పత్రి కౌంటర్లో నిలబడేది ఆయన కాదు. చెప్పి తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బులకి వెయిటింగ్ (వాటికి క్లెయిమ్ ఇవ్వని కాలం) ఎక్కువలో ఎక్కువ మూడేళ్లు, 2024లో నాలుగు నుంచి తగ్గించారు. అత్తయ్యగారిని ఇదే పాలసీలో కలపకండి, ఫ్లోటర్‌లో, అంటే ఇంటిల్లిపాదికీ కలిపి తీసుకునే ఒకే పాలసీలో, అందరికంటే పెద్దవాళ్ల వయసుని బట్టే ప్రీమియం లెక్క వేస్తారు, ఆవిడకి విడిగా చూడండి. ట్యాక్స్ కోసం తీసుకుంటున్నాం అనుకోకండి, హెల్త్ ప్రీమియం మీద మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, మీరిద్దరూ కొత్తదాంట్లో ఉన్నారు.

లెక్క కట్టి చూడండి: వంటావిడకి అదనంగా 1,120, పాలసీకి నెలకి 1,750, మొత్తం 2,870. జిమ్ ఈఎమ్ఐ కంటే తక్కువే, సిప్ ముట్టుకోనక్కర్లేదు. పాలసీ డబ్బు ఏడాదికి ఒకేసారి కట్టాలి కాబట్టి ఈసారికి ఎఫ్‌డీలోంచి తీసి, నెలనెలా అందులోనే వేసేయండి. టర్మ్ పాలసీ (మనిషి పోతే ఇంటికి డబ్బిచ్చే జీవిత బీమా) మీ వారికి ఉంది, మీకు లేదు. మీ జీతం ఆగినా ఆ ఇల్లు ఆగుతుంది కాబట్టి దాదాపు 95 లక్షలకి, అంటే మీ ఏడాది జీతానికి పది రెట్లకి, మీ పేరున ఒకటి ఉండాలి. వచ్చే బోనస్ వచ్చిన రోజే ఆ పని చేయండి. చాలా ఐటీ కంపెనీల్లో వెల్‌నెస్ పేరుతో ఏడాదికి కొంత తిరిగిస్తారు, హెచ్‌ఆర్‌ని ఒక్క మెయిల్‌తో అడిగేయండి, బూట్ల ఖర్చయినా వస్తుంది.

ట్రెడ్‌మిల్ ఎందుకు వద్దంటే, అద్దె ఇంట్లో రెండో అంతస్తులో పొద్దున్నే అది గడగడలాడితే కింది ఇంటివాళ్లు మూడో రోజుకి పైకొస్తారు. వానాకాలంలో నడక కుదరక మరీ కావాలనిపిస్తే నెలవారీ అద్దెకి దొరుకుతాయి, కొనక్కర్లేదు. వాచీ కూడా ఇప్పుడే వద్దు, ఫోన్ అడుగులు లెక్కపెడుతుంది.

మూడు నెలలు చూడండి. వారానికి మూడు చొప్పున 39 రోజులు వస్తాయి, అందులో 30 రోజులు వెళ్లగలిగితే అప్పుడు జిమ్‌లో చేరండి, అదీ నెలవారీగానో మూడు నెలలకో. అప్పుడే హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించుకుని ఆ అంకె నాకూ రాయండి. అన్నట్టు, గతేడాది కొన్న యోగా మ్యాట్ మీద అత్తయ్యగారు గుడ్డ పరిచి టెర్రస్ మీద మినప వడియాలు పెడుతున్నారని రాశారు. దాన్ని వెనక్కి అడక్కండి, వంటావిడ విషయంలో ఆవిడ ఒప్పుకోవడం మనకి ముఖ్యం. ఇంకోటి కొనుక్కోండి, ఐదారు వందల్లో వస్తుంది.