గ్రూపులో నేనేం పెట్టినా టీమ్ బొటనవేలు పెట్టి ఊరుకుంటోంది, ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: టీమ్ గ్రూపులో రోజూ పోస్టులు పెడుతున్నారు, అందరూ బొటనవేలు ఎమోజీ పెట్టి ఊరుకుంటున్నారు, నోరు విప్పి మాట్లాడాలంటే ఎట్లా రాయాలి అని.

నాకూ మూడు సీజన్లు అవే బొటనవేళ్లు. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ చూసేవాణ్ణి. జూన్, జూలై వచ్చిందంటే గేటు బయట తోతాపురి ట్రాక్టర్ల వరస, లోపల మూడు షిఫ్టులు, వాట్సాప్ గ్రూపులో 130 మంది. పొద్దున్నే వెంకన్న బొమ్మతో శుభోదయం పెట్టేవాణ్ణి. ఆ వెనకే హెడ్డాఫీసు ఇంగ్లీషు సర్క్యులర్ ఫార్వర్డ్ చేసేవాణ్ణి. టపటపా బొటనవేళ్లు పడేవి. టీమంతా నా వెంటే ఉందని మురిసిపోయాను కూడా.

ఒక రాత్రి గుజ్జు బ్రిక్స్, అంటే తీపి కొలత, 14 ఉండాల్సింది 13కి దిగింది. కారణం దొరకలేదు. విసుగొచ్చి రెండు కాయలు కోసి ఫొటో తీసి పెట్టాను. ఒకటి పసుపుగా ఉంది, ఇంకోటి టెంక దగ్గర ఇంకా తెల్లగానే ఉంది. కింద ఇంతే రాశాను: "ఇట్లాంటి కాయ లైనుకు ఎట్లా వస్తోందో నాకు తెలియడం లేదు. మాగబెట్టే షెడ్డులో ఉండేవాళ్లు చెప్పండి."

చాలాసేపు ఒక్కరూ పలకలేదు. తర్వాత గ్రేడింగులో ఉండే ఒక అక్క వాయిస్ మెసేజ్ పెట్టింది, ఆమెకు టైపింగు రాదు. "సార్, తలుపు కాడ ఉండే క్రేట్లే ముందు ఎత్తుకొస్తాండారు. అవి నిన్న వచ్చినేటివి. మొన్నటివి లోపల మూలలో ఉండాయి." మోసేవాళ్లకు తలుపు దగ్గరివి సులువు, అంతే సంగతి. మరుసటి రోజు ప్రతి వరస మీద సుద్దముక్కతో తేదీ రాయించి, ఆ ఫొటో గ్రూపులో పెట్టాను. ఆమె పేరు వేద్దామని ముందు అడిగితే "వద్దు సార్, మేస్త్రీ ఏమన్నా అనుకుంటాడు" అంది. అందుకే షెడ్డువాళ్లు చెప్పారని మాత్రం రాశాను. ఆ వారంలోనే బాయిలర్ వాళ్లు, కాటా దగ్గరి అబ్బాయి కూడా మాట్లాడటం మొదలుపెట్టారు. శుభోదయాల వల్ల రానిది ఆ సుద్దగీతల ఫొటో వల్ల వచ్చింది. చెబితే పని జరుగుతుందని కళ్లారా చూశారు కదా.

తర్వాత నేనే చెడగొట్టుకున్నాను. ఆలస్యంగా వచ్చిన ఒక పిల్లోణ్ణి అందరి ముందూ గ్రూపులోనే తిట్టాను. రెండు వారాలు మళ్లీ బొటనవేళ్లే. ఆ పిల్లోడికి సారీ కూడా గ్రూపులోనే చెప్పాల్సొచ్చింది. చాటుగా చెబితే చాలదు.

ఇప్పుడు రేణిగుంట వైపు ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఉన్నాను. ఇక్కడ వైవా ఎంగేజ్ వాడతాం, అంటే కంపెనీలోవాళ్లు తమలో తాము పోస్టులు పెట్టుకునే యాప్. యామర్ అనే పాత యాపే ఇది, మైక్రోసాఫ్ట్ 2012లో కొని 2023లో పేరు మార్చింది. ప్రశ్నగా పోస్టు పెడితే వచ్చిన వాటిలో మంచి జవాబును గుర్తు పెట్టొచ్చు, అది బాగుంది. అలాగని యాప్ కోసం మరీ తల బద్దలు కొట్టుకోకండి. యాపులు వస్తుంటాయి, పోతుంటాయి: ఇట్లాంటిదే ఫేస్‌బుక్ కంపెనీ మెటా వాళ్ల వర్క్‌ప్లేస్, దాన్నే మూసేస్తున్నామని 2024లో ప్రకటించారు. ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతా: వాట్సాప్ పోల్‌లో ఎవరు దేనికి ఓటేశారో అందరికీ కనబడుతుంది. క్యాంటీన్ సాంబారు గురించైతే ఫరవాలేదు, సూపర్‌వైజర్ గురించి అడగాలంటే పేరు అడగని ఫారం పెట్టండి.

శుభోదయాలు మానేయమని అనను. శనివారం వెంకన్న బొమ్మ పెట్టకపోతే తిరుపతిలో ఊరుకోరు. కానీ ఈ వారం మీకు నిజంగా జవాబు తెలియని ప్రశ్న ఒకటి, ఫొటోతో, షిఫ్టు మారే వేళకు పెట్టి చూడండి. పది నిమిషాలకే "ఏమప్పా, ఎవరూ మాట్లాడరా" అని మాత్రం తొందర పెట్టొద్దు. ఆ అక్క వాయిస్ రావడానికి గంటన్నర పట్టింది.