టూలో డబ్ల్యూ ఎందుకుందో పురికొస విప్పి చూపించా

"రెండుని ఇంగ్లీషులో టూ అని పలికేటప్పుడు డబ్ల్యూ వినపడదు కదా, మరి స్పెల్లింగ్‌లో ఎందుకు పెట్టారు, సైలెంట్ అని ఊరుకోవాల్సిందేనా" అని అడిగారు. ఊరుకోవద్దండి. దీని మీద మా ఇంట్లో ఒక ఆదివారం సాయంత్రం మొత్తం గడిచింది, అందుకే రాస్తున్నా.

మా అమ్మాయి రెండో క్లాసు. డిక్టేషన్‌లో టూకి టి, ఓ, డబ్ల్యూ అని రాసింది. అక్షరాలన్నీ ఉన్నాయి, వరసే మారింది. ఎర్ర ఇంకుతో కొట్టేసి ఇరవై సార్లు రాసుకురమ్మన్నారు. పది సార్లు రాసేసరికి కళ్ళనీళ్ళు, "నాన్నా, పలకని అక్షరం ఎక్కడుంటే ఏంటి" అని. అడిగినదాంట్లో తప్పేముంది? మా రోజుల్లోనూ ఇంతే, ఆరో క్లాసులో నేను ఇదే అడిగితే సైలెంట్ రా, బట్టీ పట్టు అన్నారు. ఫీజులు వేల నుంచి లక్షలకి పోయాయి గానీ జవాబు మాత్రం మారలేదు, నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఆ రోజు సరుకుల పొట్లానికి కట్టిన పురికొస ఉంటే దాని చేతికిచ్చి పురి విప్పమన్నా. రెండు పోగులు విడిపోయాయి. దీన్ని ఇంగ్లీషులో ట్వైన్ అంటారమ్మా, రెండు పోగులు కలిపి పేనింది కాబట్టి ఆ పేరు అని చెప్పి, క్యాలెండర్ కాగితం వెనక ట్వైన్, ట్విస్ట్, ట్విన్స్, ట్వైస్, ట్వెల్వ్, ట్వెంటీ రాసి, అన్నిట్లో ఒకేలా ఉన్నదేంటో గీత పెట్టమన్నా. టి, డబ్ల్యూ పక్కపక్కనే ఉన్నాయని గబగబా గీతలు పెట్టేసింది. అన్నిట్లోనూ రెండు ఉంది చూడు అంటే ఆగి, ట్విన్స్ అంటే ఇద్దరు, ట్వైస్ అంటే రెండు సార్లు అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ పోయి, నేను రాయనిది ఇంకోటి పట్టుకొచ్చింది, "బిట్వీన్ కూడానా, ఇద్దరి మధ్య?" అని. అవును, అదీ ఈ ఇంటిదే. ట్వింకిల్ కూడానా అంది, అది కాదు, దానికి రెండుతో చుట్టరికం లేదు.

పాత ఇంగ్లీషులో, అంటే 1066లో ఫ్రాన్స్ వైపు నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండ్‌ని గెలవకముందు మాట, రెండుని ట్వా అనేవాళ్ళు, డబ్ల్యూ నిండుగా పలికేవాళ్ళు. ట్వెల్వ్ అసలు అర్థం పది పోగా రెండు మిగిలింది అని. మన పన్నెండులో రెండు దాక్కున్నట్టే. తర్వాత తర్వాత ట్వా కాస్తా ట్వో అయి, ట్వూ అయింది, అక్కడే డబ్ల్యూ పోయింది. ఎందుకంటారా? వకారం పలకాలన్నా, ఊ పలకాలన్నా పెదాలు గుండ్రంగా తిప్పాల్సిందే, రెండూ పక్కపక్కన వస్తే ఒకటి ఇంకోదాన్ని మింగేస్తుంది. మనం వుంది అని రాసినా ఉంది అని రాసినా నోట్లో ఒకటేగా, వూరు, ఊరు కూడా అంతే. ట్వెల్వ్‌లో, ట్విన్స్‌లో తర్వాత వచ్చేది ఎ, ఇ కాబట్టి డబ్ల్యూ బతికిపోయింది. కత్తిని సోర్డ్ అంటాం కదా, దాంట్లో డబ్ల్యూ పోయింది కూడా ఇలాగే. కాక్స్టన్ 1476లో ఇంగ్లండ్‌లో అచ్చు ప్రెస్ పెట్టాక స్పెల్లింగులు మెల్లగా కుదురుకున్నాయి, నోరు వదిలేసినదాన్ని కాగితం వదల్లేదు. జర్మన్ వాళ్ళు ఇప్పటికీ ట్స్వై అంటారు, వకారంతో సహా.

అంత దూరం ఎందుకు, మన ద్వి చూడండి, కింద వ వత్తు ఉంది కదా, అదీ ఇదీ దాయాదులే. సంస్కృతంలో ద ఉన్న చోట ఇంగ్లీషులో ట వస్తుంది, దశకి టెన్, దంతానికి టూత్. ఈ మార్పుకి జర్మన్ భాషా పండితుడు జేకబ్ గ్రిమ్ 1822లో సూత్రం రాశాడు. ద్విపద, ద్వితీయ తెలిసిన పిల్లలకి టూ స్పెల్లింగ్ అసలు బరువే కాదు, చెప్పేవాళ్ళు లేరు అంతే. తెలుగు వేరు, ఇంగ్లీషు వేరు అని రెండు పుస్తకాలకి మధ్య గోడ కట్టేసి పిల్లల్ని కూర్చోబెడుతున్నాం, నాకు నిజంగా బాధేస్తుంది.

మిగతా పది సార్లు నేను రాయనివ్వలేదు, డైరీలో సంతకం పెట్టి నేర్చుకుంది అని రాసి పంపా. ఆ తర్వాత టూ తప్పు రాయలేదు. పడుకునే ముందు మాత్రం "మరి వన్‌లో డబ్ల్యూ లేదుగా, వన్ అని ఎందుకంటాం" అంది. అది తిరగేసిన కథ, వన్‌ని ముందు ఆన్, తర్వాత ఓన్ అనేవాళ్ళు, వ అనే మోత తర్వాత నోట్లో చేరింది, స్పెల్లింగ్‌లోకి రాలేదు. పాత మోత ఓన్లీలో, అలోన్‌లో ఇంకా ఉంది. లైటు మళ్ళీ వేసి ఆ రెండూ అదే కాగితం మీద రాసిచ్చా.