స్టూడియో నెగెటివ్‌ల స్కానింగ్ కోసం ఇంటి బంగారం తాకట్టు పెట్టవచ్చా?

ప్రశ్న: నాది కాకినాడ. వయసు 43. పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు ఫొటోలు తీస్తాను. వ్యాపార ఖర్చులు పోను సగటున నెలకు రూ.45,000 వస్తుంది కానీ, ముహూర్తాలు లేని నెలల్లో రూ.15,000 దాటదు. ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు, చీటీ కలిపి నెలకు రూ.32,000 అవుతుంది. మా నాన్నగారి స్టూడియోలోని బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లు వేలల్లో ఉన్నాయి. వాటిని స్కాన్ చేసి, డిజిటల్ ప్రింట్లు వేసి ఆయా కుటుంబాలకు అమ్మాలని, బయటివారి నెగెటివ్‌లు కూడా తీసుకోవాలని ఉంది. రోజుకు 100 స్కాన్ చేసి, ఒక్కోదానికి రూ.50 తీసుకోవచ్చని అంచనా. స్కానర్, ప్రింటర్, కంప్యూటర్‌కు రూ.4 లక్షలు కావాలి. పొదుపులో ఉన్న మొత్తం రూ.60,000 పెట్టి, నా భార్య నగలపై రూ.2.50 లక్షలు, క్రెడిట్ కార్డు వాయిదాలపై రూ.90,000 తీసుకోవాలనుకుంటున్నాను. ఆరోగ్య బీమా మా నలుగురికీ ఉంది, అమ్మకు లేదు. నెగెటివ్‌లు పాడైపోతున్నాయి కాబట్టి ఆలస్యం చేయలేను. గోల్డ్ లోన్ బ్యాంకులో తీసుకోవాలా, ప్రైవేట్ సంస్థలోనా?

జవాబు: బ్యాంకులోనూ వద్దు, ప్రైవేట్ సంస్థలోనూ వద్దు. సొంత పని చేసుకునే చాలామంది ఇదే పొరపాటు చేస్తున్నారు కాబట్టి మీ ఉత్తరానికి కాస్త వివరంగా జవాబిస్తున్నాను. యంత్రం కొనాలనుకున్నప్పుడు చేతిలో ఉన్న డబ్బంతా ముందు పెట్టి, మిగిలినదానికి అప్పు ఎక్కడ చవకగా దొరుకుతుందా అని వెతకడం దాదాపు అలవాటైపోయింది. వడ్డీ ఒక శాతం తగ్గిందా పెరిగిందా అన్నదాని కంటే, ఆ కొనుగోలు తర్వాత ఇంట్లో ఆపదకు ఏం మిగులుతుందన్నదే ముందు చూసుకోవాలి. మీ ప్రణాళిక ప్రకారం ఏమీ మిగలదు. పొదుపు ఖాతా ఖాళీ అవుతుంది, నగలు లాకరు నుంచి అప్పిచ్చినవారి దగ్గరికి వెళతాయి, కార్డు పరిమితిలో రూ.90,000 వాయిదాల కింద బిగుసుకుపోతుంది. ఒక కుటుంబం కష్టకాలంలో వరుసగా ఆశ్రయించే మూడు ఆసరాలనూ మీరు ఒకే రోజున వాడేస్తున్నారు.

లెక్క చూడండి. గోల్డ్ లోన్‌పై ఏడాదికి 11 శాతం వడ్డీ అనుకుంటే నెలకు దాదాపు రూ.2,300, కార్డు వాయిదా 16 శాతం చొప్పున 12 నెలలకు దాదాపు రూ.8,170 కట్టాలి. మామూలు నెలలో మీకు మిగిలే రూ.13,000లో రూ.10,470 వీటికే పోతే చేతికి వచ్చేది రూ.2,530. ఏడాది గడిచేసరికి కూడేది సుమారు రూ.30,000, ఆ రోజున ఒకేసారి కట్టవలసిన అసలు రూ.2.50 లక్షలు. వడ్డీ కట్టి లోన్ తిరగరాయించుకోవచ్చని చాలామంది ధీమాగా ఉంటారు. ఆనాటి బంగారం ధరను, నిబంధనలను బట్టి అది మళ్లీ అంతే మొత్తానికి దొరుకుతుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. ఇదంతా సగటు లెక్క మాత్రమే. ఆషాఢంలోనో, పుష్యంలోనో, మూఢం వచ్చినప్పుడో మీ ఆదాయం రూ.15,000కు పడిపోతుంది, ఖర్చు మాత్రం రూ.42,470 దగ్గరే ఉంటుంది. ఆ నెలలో తగ్గే రూ.27,470 ఎక్కడి నుంచి తెస్తారు? అదే వారంలో అమ్మగారిని ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే ఏమిటన్నది మీరు, మీ భార్య కలిసి కూర్చుని ఆలోచించవలసిన విషయం. వాయిదా ఒక్కటి తప్పినా కార్డు బాకీపై నెలకు మూడున్నర శాతం, కొన్ని కార్డులపై అంతకు మించి కూడా వడ్డీ పడవచ్చు.

ఇక ఆదాయం అంచనా. రోజుకు 100 నెగెటివ్‌లు అన్న లెక్క రంగుల ఫిల్మ్ అనుభవంతో వేసినట్టుంది. స్కానర్లలో దుమ్మును, గీతలను పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతితో గుర్తించి తొలగించే సదుపాయం రంగుల నెగెటివ్‌లకు బాగా పనిచేస్తుంది. మామూలు బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌లో బొమ్మ ఏర్పడేది వెండి రేణువులతో. అవి కూడా దుమ్ములాగే ఆ కాంతిని అడ్డుకుంటాయి కాబట్టి, ఏది మచ్చో ఏది బొమ్మో యంత్రానికి తెలియదు. ఇల్ఫోర్డ్ ఎక్స్‌పీ2 వంటి, రంగుల ఫిల్మ్ రసాయనాల్లో కడిగే కొద్ది రకాలు మాత్రమే దీనికి మినహాయింపు. అంటే ప్రతి మచ్చనూ మీరే కంప్యూటర్ ముందు కూర్చుని చేత్తో తుడవాలి. పైగా పాత స్టూడియోల్లో ముఖం మీది మచ్చలు, ముడతలు కనబడకుండా నెగెటివ్‌పైనే సన్నని పెన్సిల్‌తో రీటచింగ్ చేసేవారు. నెగెటివ్‌ను వాలుగా పట్టుకుని చూస్తే బుగ్గల దగ్గర, కళ్ల కింద ఆ గీతలు మెరుస్తూ కనిపిస్తాయి. స్కాన్‌లో అవి కొట్టొచ్చినట్టు కనబడినా, మురికి అనుకుని తుడిచేస్తే మీ నాన్నగారి చేతిపని పోతుంది. ఈ శ్రద్ధతో చేస్తే రోజుకు 20, 25 అయితే గొప్ప. రూ.50 చొప్పున అది రూ.1,250 లోపే, అదీ ఆర్డర్లు ఉండి, మీరు పెళ్లికి వెళ్లని రోజున. ఒక కుటుంబం తన పాత డబ్బాను ఒక్కసారే తెస్తుంది, ఏటా తీసుకురాదు. ప్రింటర్ సంగతి కూడా గమనించండి: పిగ్మెంట్ ఇంక్ ప్రింటర్‌ను వారాల తరబడి వాడకపోతే నాజిల్స్, అంటే ఇంకు చిమ్మే సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి, వాటిని శుభ్రం చేయడానికే ఖరీదైన ఇంకు ఖర్చవుతుంది.

నెగెటివ్‌లు పాడవుతున్నాయన్న మీ ఆందోళన నిజమైనదే, దాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. కాకినాడ వంటి సముద్రతీరపు ఉక్కలో అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన పాత ఫిల్మ్ త్వరగా క్షీణిస్తుంది; డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన వస్తే ఆ క్షీణత మొదలైనట్టే. అలాంటివాటిని ఈ వారమే విడదీసి వేరే పెట్టెలో పెట్టండి, ఎందుకంటే వాటి ఆవిరి పక్కవాటిని కూడా పాడుచేస్తుంది. మిగిలినవి అటక మీద ఉంటే దించి, ఇంట్లో చల్లగా, పొడిగా ఉండే గదిలో ఆమ్లం లేని కాగితపు కవర్లలో ఉంచండి. దీనికి కొద్ది వేలకు మించి ఖర్చు కాదు.

స్కానర్ లేకపోయినా, వెనుక నుంచి వెలుగు పెట్టి నెగెటివ్‌ను ఫొటో తీయవచ్చు, దానికి మీ దగ్గర ఇప్పటికే కెమెరా ఉంది. చిన్నవాటిని దగ్గరగా తీసే పాత మాక్రో లెన్స్, నిలువు స్టాండ్, మంచి ఎల్ఈడీ లైట్ ప్యానెల్ మీరు రాసిన మొత్తంలో పదో వంతుకు అటూ ఇటూగా సమకూరుతాయి. లెన్స్‌ను మొదట అద్దెకు తీసుకున్నా చాలు. 24 మెగాపిక్సెల్ కెమెరాతో 35 ఎంఎం నెగెటివ్‌ను ఫ్రేమ్ నిండా తీస్తే వచ్చే 6,000 x 4,000 పిక్సెళ్లు అంగుళానికి 300 చొప్పున 20 x 13 అంగుళాల ప్రింటుకు సరిపోతాయి. మీ నాన్నగారు 120 ఫిల్మ్‌పై (35 ఎంఎం కంటే వెడల్పైన రోల్) తీసిన చదరపు నెగెటివ్ కూడా 13 అంగుళాల దాకా వస్తుంది. కెమెరా పట్టిన వివరమంతా ఉండే రా ఫైల్‌లోనే తీసి, కంప్యూటర్‌లో నలుపు తెలుపులను తారుమారు చేసి పాజిటివ్‌గా మార్చిన తర్వాత, నాణ్యత తగ్గని 16 బిట్ టిఫ్ ఫైల్‌గా దాచుకోండి. వెనిగర్ వాసన వచ్చేవాటితో మొదలుపెట్టండి. ప్రింట్లు బయటి ల్యాబ్‌లో వేయించండి. రంగుల ఫొటోలు వేసే కాగితంపై బ్లాక్ అండ్ వైట్ ప్రింటు ఒక్కోసారి పచ్చగానో ఎర్రగానో తేలుతుంది కాబట్టి, ముందుగా ఒక్క నమూనా వేయించి పగటి వెలుతురులో చూసుకోండి.

ఈలోగా మీరు చేయవలసిన అసలు పని అత్యవసర నిధి. ఆరు నెలల ఖర్చుకు రూ.1.92 లక్షలు కావాలి. మీలా ముహూర్తాలపై బతికేవారికి అది కూడా తక్కువే, తొమ్మిది నెలలకు సరిపడా రూ.2.88 లక్షలు ఉండాలని నా పట్టు. మీ దగ్గరున్న రూ.60,000ను ముట్టుకోకుండా, సగటున మిగిలే రూ.13,000 ప్రతి నెలా చేరుస్తూ పోతే దాదాపు పది నెలల్లో మొదటి గట్టు దాటతారు. పెళ్లిళ్ల సీజన్‌లో వచ్చిన డబ్బును ఆ వారంలోనే వేరే బ్యాంకు ఖాతాలోకి మార్చండి, వ్యాపార ఖాతాలో ఉంటే అది ఏదో ఒక లెన్స్‌గా మారిపోతుంది. అందులో రెండు నెలల ఖర్చును పొదుపు ఖాతాలోనూ, మిగతాది ఎప్పుడంటే అప్పుడు విడగొట్టుకోగల ఫిక్స్‌డ్ డిపాజిట్లలోనూ ఉంచండి. చీటీని ఈ నిధి కింద లెక్కవేయకండి, అవసరమైన నెలలో పాట మీకే దక్కుతుందన్న నమ్మకం లేదు. అమ్మగారికి ఆరోగ్య బీమా దొరుకుతుందేమో ఈ నెలలోనే కనుక్కోండి. దొరక్కపోతే నిధిని ఇంకా పెంచాలి.

నిధి నిండి, కెమెరాతో చేసిన పనికి కనీసం ఆరు నెలలు ఆర్డర్లు ఆగకుండా వస్తే, అప్పుడు స్కానర్ గురించి ఆలోచించవచ్చు. ఆ రోజున అప్పు తప్పనిసరైతే నగల జోలికి పోకుండా చిన్న వ్యాపారాలకు అప్పిచ్చే ప్రభుత్వ ముద్ర పథకంలో కిశోర్ రకం రుణం అడగండి, దానికి తాకట్టు అక్కర్లేదు. అంతవరకు ఆర్డర్ ఇచ్చే ప్రతి కుటుంబం దగ్గరా సగం డబ్బు ముందే తీసుకోండి. అడ్వాన్స్ ఇచ్చేవారు ఎందరు ముందుకు వస్తారో చూస్తే మీ ఊళ్లో ఈ పనికి నిజంగా ఎంత గిరాకీ ఉందో రూపాయి అప్పు చేయకుండానే తెలుస్తుంది.