ఆ ఆఫీసు మానొద్దమ్మా

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నైలో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. ఇక్కడ ఒక మునిసిపల్ ఆఫీసులో రెండు నెలల ఇంటర్న్‌షిప్ దొరికింది. అందరూ మంచివాళ్లే కానీ, వారం నుంచి పాత లెక్కలు ఎక్సెల్‌లో ఎక్కించడమే పని. తమిళం మాట్లాడతాను, చదవాలంటే కూడబలుక్కోవాలి. మానేసి ఏదైనా కంపెనీలో చేరమంటోంది అమ్మ. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: మానొద్దమ్మా. వారానికే కొత్తవాళ్ల చేతికి ఫైలు ఎవరూ ఇవ్వరు, అది పోతే జవాబు చెప్పుకోవాల్సింది వాళ్లే కదా. అలాగని రెండు నెలలూ ఎక్సెల్ ముందే ఉండిపోకు. రోజూ ఒక గంట అర్జీలు తీసుకునే చోట కూర్చుంటానని మీ అధికారిని అడుగు.

చదువుకునే రోజుల్లో నేనూ ఒక మునిసిపల్ ఆఫీసులో ఆరు వారాలున్నాను. ఒక పెద్దాయన తెచ్చిన కాగితం ఇప్పటికీ గుర్తుంది, వెనకవైపు పెన్సిల్‌తో వాళ్ల వీధి గీసి, మురుగు పొంగే చోట సున్నా చుట్టి, పక్కన 'పిల్లల బడి' అని రాశాడు. ఆ కాగితం ఏ బల్ల మీద ఎన్నాళ్లుందో రాసుకుంటూ దాని వెంటే తిరిగాను. ఆఫీసంటే ఏమిటో నాకు తెలిసింది అలాగే.

చెన్నైలో ఈ పని ఇంకా అవసరం. వాన నీటి కాలువ కార్పొరేషన్‌ది, మురుగు పైపు మెట్రోవాటర్‌ది, అంటే నగర నీటి సరఫరా, మురుగు బోర్డుది. వీధిదీపం కార్పొరేషన్‌ది, ఇంట్లో కరెంటు పోతే విద్యుత్ బోర్డుది. గుమ్మం ముందు నీళ్లు నిలిచినవాళ్లకు ఈ తేడాలన్నీ ఎలా తెలుస్తాయి? కార్పొరేషన్ ఫిర్యాదుల నంబరు 1913కి ఫోన్ చేస్తారు, లేదా కాగితం పట్టుకుని వస్తారు. ఒక ఇరవై అర్జీలు చూసి, తప్పు చోటికి వచ్చినవి ఎన్ని, వాటిని ఎక్కడికి పంపారు, చివరికి పని జరిగిందా లేదా అని రెండు పేజీలు రాయి. కాలేజీకి అంతకంటే మంచి రిపోర్టు ఉండదు. పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం రాసుకోకు, ఫొటోలు అసలే తీయకు.

తమిళం గురించి టెన్షన్ పడకు, ఆఫీసు మాటలు తిప్పి తిప్పి అవే వస్తాయి. 'మను' అంటే అర్జీ, 'సాలై' అంటే రోడ్డు, 'కుప్పై' అంటే చెత్త. 'మండలం' దగ్గర జాగ్రత్త, మనకది కొన్ని ఊళ్లు, అక్కడ నగరంలో ఒక జోన్.

అమ్మకు పిట్టి త్యాగరాయ శెట్టి గారి సంగతి చెప్పు. టీ నగర్‌కు ఆ పేరు ఆయనదే, మన తెలుగాయన. 1920లో ఆయన మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడే థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు తిండి పెట్టడం మొదలైంది. ఇవాళ దేశమంతా బళ్లలో పెడుతున్న మధ్యాహ్న భోజనానికి పాత మూలాల్లో అదొకటి, అదీ ఒక నగరపాలక ఆఫీసు చేసిన పనే. కంపెనీలో తర్వాతైనా చేరొచ్చు.

అన్నట్టు, సర్టిఫికెట్ మాట ఆఖరి రోజు దాకా ఉంచకు, సంతకం పెట్టాల్సినాయన సెలవులో ఉంటే తిరగలేక చస్తావు. రెండు వారాల ముందే అడుగు.