చర్చి తరఫున పిల్లల పోషణ కేంద్రం పెట్టాలంటే

ఉదయగిరి వైపు, పోషకాహారం అందక చిక్కిపోయిన పిల్లల్నీ తల్లుల్నీ ఉంచుకుని చూసే కేంద్రం చర్చి తరఫున పెట్టాలంటే ఏం కావాలని అడిగారు.

గది, మంచాలు తర్వాత. ముందు ఎవర్ని చేర్చుకోకూడదో రాసుకోండి. పాదాలు ఉబ్బినవాళ్లు, జ్వరంతో మత్తుగా ఉన్నవాళ్లు, ఏదీ తాగనివాళ్లు నేరుగా నెల్లూరు పెద్దాసుపత్రికి. జబ్బ చుట్టుకొలత 11.5 సెం.మీ. లోపున్నా ఆకలున్న పిల్లలు, ఆసుపత్రిలో కుదుటపడి వచ్చినవాళ్లు మీకు. అదీ 6 నెలలు దాటాకే. వైద్యం చేస్తారు కాబట్టి డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) దగ్గర రిజిస్ట్రేషన్, విదేశీ విరాళాలైతే కేంద్ర ప్రభుత్వ ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి తప్పవు.

దెబ్బతినేది వంటింట్లోనే. చిక్కిన పిల్లలు బరువు పెరగడానికి పట్టే ఎఫ్-100 పాలకు వెన్నతీసిన పాలపొడి 80 గ్రాములు, పంచదార 50, నూనె 60, డాక్టరు చెప్పిన ఖనిజ మిశ్రమం. కాచి చల్లార్చిన నీళ్లు పోసి మొత్తం లీటరు చేయాలి. గ్లాసుతో కాదు, కాటాతో కొలవండి. నూనె పైకి తేలితే గిన్నె అడుగు పాలు తాగిన పిల్లలకు బలం అందదు, కవ్వంతో గిలకొట్టాలి. ఐరన్ మొదటి వారం వద్దు.

రోజూ ఒకే వేళకు, బట్టల్లేకుండా తూచండి. 6 కిలోల బిడ్డ రోజుకు 60 గ్రాములు పెరిగితే బాగున్నట్టు, 30 లోపైతే రాత్రి పాలు తప్పాయేమో, వెంటొచ్చిన అక్క తాగేస్తోందేమో చూడాలి. క్షయ పరీక్షా చేయించాలి.

ప్రార్థన ఇష్టమున్నవాళ్లకే. పాలిచ్చే తల్లిని మాత్రం ఉపవాస ప్రార్థనలో కూర్చోబెట్టకండి. కూలి పోతోందని నాలుగో రోజే వెళ్లిపోయే తల్లులే ఎక్కువ. ఆ డబ్బు బడ్జెట్‌లో ముందే పెట్టుకోండి.