బాగుందన్నారు సరే, కొంటారా?

ప్రశ్న: నేను ఎమర్జెన్సీ వార్డులో నర్సునండి. ఆన్‌లైన్‌లో ఫస్ట్ ఎయిడ్ నేర్పే బిజినెస్ పెడదామని ఎప్పట్నుంచో ఉంది. సీపీఆర్ (గుండె ఆగినవాళ్లకి ఛాతీ నొక్కి, శ్వాస ఇవ్వడం), కాలిన గాయాలు, గొంతులో అడ్డం పడటం, రక్తం ఆపడం, అన్నిటికీ వీడియో పాఠాలు, వారానికోసారి లైవ్ క్లాసు. తెలిసినవాళ్లందరికీ గూగుల్ ఫామ్ పంపిస్తే దాదాపు అందరూ "సూపర్ ఐడియా, తప్పకుండా నేర్చుకుంటాం" అనే రాశారు. దాంతో ఉద్యోగం మానేసి, మంచి కెమెరా, సీపీఆర్ ప్రాక్టీస్ చేసే బొమ్మలు (మానికిన్లు) కొని, యాప్ చేయించేద్దామనుకుంటున్నా. మా ఆయనేమో ముందు కొనేవాళ్లు అసలున్నారో లేదో చూస్కో అంటున్నారు. ఫామ్‌లో అంతమంది ఎస్ అన్నాక ఇంకేం చూడాలండి?
— పేరు రాయొద్దన్న ఒక పాఠకురాలు

జవాబు: ఈ ఒక్క విషయంలో మీ ఆయన మాట వినండి. ఉద్యోగం మానడం, యాప్ చేయించడం రెండూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి, లేకపోతే ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టవుతుంది.

ఫామ్‌లో వచ్చిన ఎస్‌లని డిమాండ్ కింద లెక్కేయకండి. ఫస్ట్ ఎయిడ్ నేర్చుకుంటారా అని అడిగితే వద్దు అని ఎవరంటారు చెప్పండి, పైగా అడిగింది తెలిసిన నర్సమ్మ, నోటిమాటకి ఖర్చేముంది, ఎస్ కొట్టేస్తారు. ఇలాంటి మంచి పని బిజినెస్‌లకే ఈ సర్వే జబ్బు ఎక్కువ పడుతుంది. అందుకని ఇకమీదట జరగబోయేది అడక్కండి, జరిగిపోయింది అడగండి. ఎప్పుడైనా ఫస్ట్ ఎయిడ్ కోర్సు కోసం వెతికారా, చేరారా, డబ్బులెవరు కట్టారు, మధ్యలో మానేస్తే ఎందుకు మానేశారు. నిజంగా చేరినవాళ్లు దొరికితే వదలొద్దు, వాళ్లతో అరగంట మాట్లాడండి. "ఆఫీసులో చేయమన్నారు", "జిమ్ ట్రైనర్ ఉద్యోగానికి సర్టిఫికెట్ అడిగారు", "బాబు పుట్టబోతున్నాడని భయమేసింది", ఇలాంటివే వస్తాయి చూడండి. ఊరికే ఆసక్తి కొద్దీ చేరాను అనేవాళ్లు తక్కువగా తగుల్తారు.

ఇక్కడే మీ మార్కెట్ రెండు ముక్కలైపోతుంది. ఒకటి సర్టిఫికెట్ కావాల్సినవాళ్లు. పనిచోట ఫస్ట్ ఎయిడ్ తెలిసిన మనిషి ఉండాలని చాలా దేశాల్లో రూల్స్ ఉన్నాయి, ఆ సర్టిఫికెట్లకి గడువు కూడా ఉంటుంది, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సీపీఆర్ కార్డు 2 ఏళ్లు, బ్రిటన్‌లో పనిచోటు ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ 3 ఏళ్లు, అంటే ఒకసారి వచ్చిన కస్టమర్ మళ్లీ రావాల్సిందే. వినడానికి బంగారంలా ఉంది గానీ ఒక మెలిక ఉంది. ఈ మార్కెట్ పూర్తి ఆన్‌లైన్ కోర్సుని ఒప్పుకోదు. బ్రిటన్‌లో పనిచోటు భద్రత చూసే హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ వాళ్లు ప్రాక్టికల్ భాగం ఎదురెదురుగానే జరగాలని గట్టిగా చెప్తారు, అమెరికాలో అదే పని చూసే ప్రభుత్వ సంస్థ ఓషా కూడా ఒట్టి ఆన్‌లైన్ ట్రైనింగ్ సరిపోదు, చేత్తో చేయించి చూడాలి అంటుంది. మీరున్న చోట రూల్ ఏంటో మొట్టమొదట కనుక్కోండి, ఎందుకంటే మీరు టెస్ట్ చేయాల్సిన సరుకే దాన్నిబట్టి మారిపోతుంది. థియరీ ఇంట్లో, ప్రాక్టికల్ ఒక పూట మీ ముందు, ఇది కొంటారా అనేది వేరే ప్రశ్న, వీడియోలు కొంటారా అనేది వేరే ప్రశ్న.

రెండో ముక్క సర్టిఫికెట్‌తో పనిలేని మామూలు జనం. వీళ్లకి "సంపూర్ణ ఫస్ట్ ఎయిడ్ కోర్సు" అని పెడితే సేవ్ చేసుకుని మర్చిపోతారు. భయం ఎక్కడుందో అక్కడ చిన్న ముక్క కోసి పెట్టాలి. ఉదాహరణకి ఏడాదిలోపు పాపకి గొంతులో ఏదైనా అడ్డం పడితే పెద్దవాళ్లకి చేసినట్టు పొట్ట నొక్కకూడదు, వీపు మీద 5 దెబ్బలు, ఛాతీ మీద 5 నొక్కులు, మార్చి మార్చి చేయాలి, ఇది మీకు నిద్రలో లేపి అడిగినా తెలుసు గానీ కొత్తగా అమ్మానాన్నలైనవాళ్లలో చాలామందికి తెలీదు. "పసిపిల్లల కోసం ఒక్క సాయంత్రం క్లాసు" అని ఒక పేజీ, "అన్నీ కలిపిన కోర్సు" అని ఇంకో పేజీ పెట్టి చూడండి, తేడా మీకే కనిపిస్తుంది. నా పందెం మొదటి దాని మీద.

గూగుల్‌లో ఎంతమంది వెతుకుతున్నారో చూడటం మంచిదే, కానీ జాగ్రత్త. "ఫస్ట్ ఎయిడ్ అంటే ఏమిటి" అని కొట్టేది చాలావరకు రేపు స్కూల్లో ప్రాజెక్ట్ ఇవ్వాల్సిన పిల్లలు, వాళ్లు మీ కస్టమర్లు కారు. "ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ రెన్యూవల్", "సీపీఆర్ క్లాస్ ఫీజు" లాంటివి కొట్టేవాళ్లే పర్సు పట్టుకుని తిరుగుతున్నవాళ్లు. గూగుల్ ట్రెండ్స్‌లో కనిపించే 100 అనేది మనుషుల సంఖ్య కాదు, ఆ మాట ఎక్కువగా వెతికిన సమయాన్ని 100 అనుకుని మిగతాది దాంతో పోల్చి చూపిస్తుంది అంతే. ఇంకోటి, 2021 జూన్ 12న యూరో కప్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ మైదానంలో కుప్పకూలి సీపీఆర్‌తో బతికాడు కదా, 2023 జనవరి 2న అమెరికాలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు డామార్ హామ్లిన్‌కీ అలాగే జరిగింది, అలాంటి వార్త వచ్చిన వారం అందరికీ సీపీఆర్ నేర్చుకోవాలనిపిస్తుంది, తర్వాత చల్లారిపోతుంది. ఆ వారంలో గానీ, సెప్టెంబర్ రెండో శనివారం వచ్చే ప్రపంచ ప్రథమ చికిత్స దినం చుట్టూ గానీ టెస్ట్ పెట్టి వచ్చిన నంబర్లు చూసి మురిసిపోకండి, మామూలు వారంలో పెట్టండి.

ఇక అసలు టెస్ట్. యాప్ అక్కర్లేదు, ఒక్క పేజీ చాలు. బఫర్ అనే సోషల్ మీడియా టూల్ పెట్టిన జోయెల్ గాస్కోయిన్ 2010లో ఇదే చేశాడు, టూల్ ఇంకా తయారవలేదు, ఏం చేస్తుందో చెప్పే పేజీ మాత్రం పెట్టి ఈమెయిల్ తీసుకున్నాడు, తర్వాత మధ్యలో రేట్లున్న పేజీ ఇంకోటి ఇరికించి డబ్బు కట్టే ప్లాన్ ఎవరైనా నొక్కుతారా అని చూశాడు. ఆ రెండో పేజీయే కీలకం. మీ పేజీలో కూడా ఎవరికోసం, ఏం వస్తుంది, ఏ తేదీ, ఎంత ఫీజు, నాలుగూ ఉండాలి, ఫీజు దాచిపెట్టి "ఆసక్తి ఉంటే నంబర్ ఇవ్వండి" అంటే మళ్లీ గూగుల్ ఫామ్ కథే. బటన్ నొక్కినవాళ్లకి బ్యాచ్ ఇంకా మొదలవలేదని వెంటనే చెప్పేయండి, అడ్వాన్స్ తీసుకుంటే ఆ తేదీకి క్లాసు జరక్కపోతే పూర్తిగా వెనక్కిస్తామని పేజీలోనే రాయండి. ఇవ్వలేని సర్టిఫికెట్ పేరు మాత్రం టెస్ట్ కోసమైనా వాడొద్దు.

పేజీకి వచ్చేవాళ్లు మీ చుట్టాలూ కొలీగ్సూ కాకూడదు, ముక్కూ మొహం తెలీనివాళ్లు రావాలి, దానికి కొద్దిగా యాడ్స్‌కి పెట్టక తప్పదు. 100 మంది వచ్చి ముగ్గురు డబ్బు కట్టారనుకోండి, 3 శాతం అని రాసేసుకోకండి, అంత చిన్న లెక్కలో నిజం రేటు 1 నుంచి 8 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఒక్కరూ కట్టకపోయినా అసలు రేటు 3 శాతం దాకా ఉండే అవకాశం ఉంది, అందుకని మొదటి వందకే ఎగిరి గంతేయడమూ వద్దు, ఏడ్చి మూలన కూర్చోవడమూ వద్దు. ఇంతమంది కడితే ముందుకెళ్తా, ఇంతకన్నా తక్కువైతే ఆపేస్తా అని టెస్ట్ మొదలెట్టకముందే కాగితం మీద రాసి మీ ఆయన చేతికిచ్చెయ్యండి, తర్వాత మనసు మార్చుకోకుండా.

డబ్బు కట్టినవాళ్లతో ఒక చిన్న బ్యాచ్ జూమ్‌లో నడిపేయండి, మానికిన్ కొనొద్దు, కావాలంటే అద్దెకి తెచ్చుకోండి, వాళ్ల దగ్గర గట్టి దిండు ఉంటే చాలు మొదటిసారికి. అప్పుడు ఫోన్ ఎదురుగా పెట్టుకుంటే మొహం కనిపిస్తుంది తప్ప పని కనిపించదు, ఫోన్‌ని నేలమీద పక్కవాటుగా పెట్టమనండి, భుజాలు చేతులకి సరిగ్గా పైన ఉన్నాయా, మోచేతులు వంగుతున్నాయా తెలుస్తుంది. నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల వేగం, టిక్ టిక్ మని లయ కొట్టే మెట్రోనోమ్ పెట్టి సరిచేయొచ్చు. కానీ 5 సెంటీమీటర్ల లోతు వెళ్తోందా, ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి లేస్తోందా అనేది దిండు మీద మీకూ తెలీదు వాళ్లకీ తెలీదు. ఈ క్లాసయ్యాక ఎంతమంది "మేడమ్, ఒకసారి నేరుగా చేయించరా" అని అడిగారో లెక్కపెట్టండి, ప్రాక్టికల్ సెషన్‌కి ఎంత గిరాకీ ఉందో అక్కడ తెలుస్తుంది. డబ్బు కట్టి కూడా క్లాసుకి రానివాళ్లకి ఫోన్ చేసి ఎందుకు రాలేదో అడగండి, చాలామంది ఈ పని సిగ్గుపడి వదిలేస్తారు.

ప్రశ్న: కంపెనీలకి అమ్మాలంటే టెస్ట్ ఎలా? యాడ్ పెడితే ఎవరూ రావట్లేదు.
— ఒక సేఫ్టీ ట్రైనర్

జవాబు: వాళ్లు యాడ్ చూసి కొనే రకం కాదండి. క్లాసులో కూర్చునేది ఒకరు, సంతకం పెట్టేది హెచ్ఆర్ లేదా సేఫ్టీ ఆఫీసర్. వాళ్లకి నేరుగా ఫోన్ చేసి రెండే అడగండి, ఇప్పుడు ఎవరితో చేయిస్తున్నారు, సర్టిఫికెట్ల గడువు ఎప్పుడు అయిపోతుంది. "బాగుంది, ప్రపోజల్ పంపండి" అంటే అది మర్యాదగా ఫోన్ పెట్టేయడం. తేదీ ఇచ్చారా, పది మంది పేర్లు పంపారా, పర్చేజ్ ఆర్డర్ వచ్చిందా, లెక్క అక్కడే. ఫ్రీ డెమో మాత్రం అడిగినవాళ్లందరికీ ఇవ్వకండి, ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతారంటారు, ఫస్ట్ ఎయిడ్ గురించి రాస్తూ ఈ సామెత వాడొచ్చో లేదో గానీ.

ప్రశ్న: యూట్యూబ్‌లో అన్నీ ఫ్రీగా ఉంటే డబ్బు కట్టి ఎవరు చేరతారు సార్?
— ఒక స్టూడెంట్

జవాబు: సమాచారానికి ఎవరూ కట్టరు, నిజమే. కట్టేది ఫలానా రోజు ఫలానా టైమ్‌కి కూర్చోబెట్టి, చేతులు సరిగ్గా పెట్టావా లేదా అని చూసి చెప్పే మనిషికి, ఆ తర్వాత వచ్చే సర్టిఫికెట్‌కి. ఇంకొకటి కూడా ఉంది. సీపీఆర్ నేర్చుకున్నాక ప్రాక్టీస్ లేకపోతే 3 నుంచి 6 నెలల్లోనే చేతి నైపుణ్యం తగ్గడం మొదలవుతుంది, కార్డు మీద గడువేమో 2 ఏళ్లు. ఈ మధ్యలో చిన్న చిన్న రిఫ్రెషర్లు, ఆన్‌లైన్‌కి బాగా కుదిరే సరుకు అదేనని నా అభిప్రాయం, మీరెవరైనా టెస్ట్ చేస్తే ఫలితం రాయండి.

ప్రశ్న: నాకు డిజిటల్ మార్కెటింగ్ వచ్చు, మెడికల్ ఏమీ రాదు. పేజీ పెట్టి టెస్ట్ చేస్తే వెయిటింగ్ లిస్ట్ బానే వచ్చింది. పాఠాలు నెట్‌లో ఉన్నవి చూసి తయారు చేసి పెట్టేయొచ్చా?
— ఒక ఫ్రీలాన్సర్

జవాబు: వద్దండి. గిరాకీ ఉందని తేలింది, మీరు చెప్పగలరని తేలలేదు. కాలితే టూత్‌పేస్ట్ రాయమనే వీడియోలు ఇప్పటికీ తిరుగుతున్నాయి, చేయాల్సిందేమో చల్లటి నీళ్ల ధార కింద 20 నిమిషాలు పెట్టడం, ఐస్ కూడా పెట్టకూడదు. సరిగ్గా ఉన్నవి కూడా పాతబడిపోతాయి, 2010లో సీపీఆర్ వరసే మారింది, ముందు శ్వాస ఇవ్వడం పోయి ముందు ఛాతీ నొక్కడం వచ్చింది, 2025లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పెద్దవాళ్ల గొంతులో అడ్డం పడితే ముందు వీపు మీద 5 దెబ్బలు, తర్వాత పొట్ట నొక్కులు 5 అని మార్చింది. పాత వీడియో చూసి మీరు పాఠం రాస్తే ఆ మార్పు మీకు కనపడను కూడా కనపడదు.

సర్టిఫైడ్ ఇన్‌స్ట్రక్టర్‌ని పార్ట్‌నర్‌గా పట్టుకోండి, పైన మొదటి ఉత్తరం రాసినావిడ లాంటివాళ్లకి మీలాంటివాళ్ల అవసరం చాలా ఉంది. ఈలోపు వెయిటింగ్ లిస్ట్‌లో ఉన్నవాళ్లకి ఒక మెయిల్ పెట్టండి, ఇన్‌స్ట్రక్టర్ కోసం చూస్తున్నాం, మొదటి బ్యాచ్ ఇంకా ఫిక్స్ కాలేదు అని ఉన్నదున్నట్టు చెప్పి, సర్టిఫికెట్ కోసమా, ఇంట్లో పిల్లల కోసమా అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబిచ్చినవాళ్లనే లిస్ట్‌గా లెక్కేసుకుని ఇన్‌స్ట్రక్టర్‌తో మాట్లాడేటప్పుడు ఆ నంబర్ చెప్పండి, మొత్తం నంబర్ చెప్పొద్దు.