పాట వల్ల ‘మనం’ అనే భావం పుడుతుందా? ఒక చెన్నై తెలుగువాడి సమాధానం

సంగీతం జాతి భావాన్ని పుట్టిస్తుందా, లేక అప్పటికే ఉన్నదాన్ని వెలిబుచ్చుతుందా అన్నది ప్రశ్న. తెలుగు ఇంట పుట్టి చెన్నైలో చదువుకున్న నేను మొదటిదే నిజమంటాను. అయితే అది పాట అర్థం వల్ల కాదు, పదిమందితో కలిసి పదేపదే పాడటం వల్ల జరుగుతుంది.

మా బడిలో ప్రార్థన తమిళ తల్లి వందన గీతంతో మొదలై జనగణమనతో ముగిసేది. మనోన్మణీయం సుందరం పిళ్ళై 1891 నాటి నాటకంలోని ఆ పద్యాన్ని తమిళనాడు ప్రభుత్వం 1970లో స్వీకరించి, 2021లో రాష్ట్ర గీతంగా ప్రకటించింది. దానికి సినీ సంగీత దర్శకుడు ఎం.ఎస్. విశ్వనాథన్ మోహన రాగంలో వరస కట్టారు. సాయంత్రాలు పాట మాస్టారి దగ్గర అదే రాగంలోని ‘వరవీణా’ గీతం నేర్చుకుంటూ ఉండటం వల్ల, తమిళ మాటలు తలకెక్కక ముందే ఆ వరస నా నోటికి వచ్చేసింది. మూలంలో కన్నడం, తెలుగు, మలయాళం, తుళు తమిళ గర్భం నుంచే పుట్టాయనే పంక్తులున్నాయి. ప్రభుత్వం వాటిని వదిలేసింది. ఉంచి ఉంటే మా తాతగారు నన్ను ఆ బడి మాన్పించేవారేమో! ఒక పాట ఎవరిని కలుపుకుంటుందో దాన్ని రాసినవారి కంటే కత్తిరించినవారే ఎక్కువగా నిర్ణయిస్తారని నాకనిపిస్తుంది.

కర్ణాటక సంగీత కచేరీల్లో తెలుగు కీర్తనలే వినిపిస్తున్నాయని, తమిళ పాటలకు చోటు కావాలని 1943లో రాజా అణ్ణామలై చెట్టియార్ తదితరులు తమిళ ఇసై (సంగీత) సంఘాన్ని స్థాపించారు. వినేవారు తమ భాషలో పాట కోరుకోవడం న్యాయమే. అయినా త్యాగయ్య ఇక్కడివారికి పరాయివాడు కాలేదు. మార్గళి (ధనుర్మాసం) కచేరీల్లో ‘ఎందరో మహానుభావులు’ మొదలవగానే తెలుగు రాని పెద్దలు తొడ మీద ఆదితాళం వేస్తూ చరణాలన్నీ అందుకుంటారు. ఆయన మావాడని గొప్పలు చెప్పుకునే మనవాళ్ళు మాత్రం ఆ సభల్లో తక్కువగానే కనిపిస్తారు.

పాట విడదీయనూగలదు. తెలంగాణ ఏర్పడ్డాక చెన్నైలోని మా తెలుగు సంఘం ఉగాది సభలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతమైన ‘మా తెలుగు తల్లికి’ పాడేటప్పుడు కొందరు లేచి నిలబడి మౌనంగా ఉండిపోయేవారు. 2024లో ‘జయ జయహే తెలంగాణ’ ఆ రాష్ట్ర గీతమయ్యాక రెండూ పాడించాలని ఒకరు, రెండూ వద్దని మరొకరు వాదించారు. చివరికి ఆ చోట ఒక త్యాగరాజ కీర్తన పెట్టారు. తమిళ గీతంతో ఆరంభించడం, జనగణమనతో ముగించడం మీద మాత్రం ఎవరికీ పేచీ రాలేదు.